పాత బేస్‌బాల్ కబుర్లు వినడం, సరిచూసుకోవడం, రాసిపెట్టడం: సమగ్ర మార్గదర్శి

న్యూజెర్సీలో మా పక్కింటి పెద్దాయనకు డెబ్బై దాటాయి. పేరు పెట్టి పిలవమంటారు కానీ నాకు నోరు రాదు, "సర్" అనే అంటాను. వేసవి సాయంత్రాలు వరండాలో రేడియో పెట్టుకుని న్యూయార్క్ బేస్‌బాల్ జట్టు యాంకీస్ ఆట వింటుంటారు. ఒకరోజు మాటల్లో, తొమ్మిదేళ్ల వయసులో వాళ్ల నాన్నతో కలిసి యాంకీ స్టేడియంకు వెళ్లి, ఒకే సీజనులో రోజర్ మారిస్ కొట్టిన 61వ హోమ్ రన్ (మన సిక్సర్‌లా బంతిని కంచె దాటించడం) చూశానని చెప్పారు. కాలు పెట్టడానికి చోటు లేదట, అంత జనమట.

నేను ఊరుకోవచ్చు కదా! ఫోన్ తీసి వెతికాను. 1961 అక్టోబరు 1, ఆదివారం. యాంకీస్ 1, బోస్టన్ 0. వచ్చిన జనం 23,154. "సర్, ఆ రోజు స్టేడియంలో దాదాపు మూడింట రెండొంతులు ఖాళీయేనండీ" అన్నాను. ఆయన "ఓహో" అని రేడియో సౌండ్ కొంచెం పెంచారు. ఆ సాయంత్రం ఇక మాటల్లేవు.

ఆయన చెప్పిందీ నిజమే, నా ఫోన్ చెప్పిందీ నిజమే. అదెలాగో ఐదో మెట్టులో చెబుతాను. పాత ఆటల గురించి పెద్దవాళ్లు చెప్పే కబుర్లు వినాలని, వాటిని రికార్డులతో పోల్చుకోవాలని, కుదిరితే నాలుగు మంచి క్విజ్ ప్రశ్నలు తయారుచేసుకోవాలని ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. క్రికెట్ తప్ప మరో ఆట తెలియకపోయినా పర్వాలేదు, నేనూ అలాగే మొదలుపెట్టాను.

మొదటి మెట్టు: అంకెల భాష నేర్చుకోండి

బేస్‌బాల్ అభిమానులు అంకెల్లో మాట్లాడతారు. మైదానంలో ప్రతి స్థానానికీ ఒక నంబరుంది: బంతి విసిరే పిచ్చర్ 1, బ్యాటర్ వెనక కూర్చుని పట్టుకునే క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, లెఫ్ట్ ఫీల్డ్ 7, సెంటర్ 8, రైట్ 9. షార్ట్‌స్టాప్ నిలబడేది సెకండ్‌కీ థర్డ్‌కీ మధ్యలో, నంబరు మాత్రం థర్డ్ తర్వాత వస్తుంది. కొత్తవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే. చొక్కా వెనక ఉండే నంబరుకూ దీనికీ సంబంధం లేదు.

ఇది వచ్చాక పాత స్కోర్‌కార్డు మీద "6-4-3" అన్న గీత చూస్తే బొమ్మ కట్టేస్తుంది: బంతి షార్ట్‌స్టాప్ అందుకున్నాడు, సెకండ్ బేస్‌కు విసిరాడు, అక్కడి నుంచి ఫస్ట్‌కు వెళ్లింది, ఇద్దరు అవుట్. "కె" అక్షరం స్ట్రైకవుట్‌కు, అంటే మూడు స్ట్రైకులతో బ్యాటర్ అవుటవడానికి, గుర్తు. అదే అక్షరం తిరగేసి రాసి ఉంటే, బ్యాటర్ బ్యాట్ ఊపకుండా బంతిని చూస్తూ నిలబడి అవుటయ్యాడని అర్థం.

బ్యాటింగ్ యావరేజ్ క్రికెట్ లెక్క కాదు. హిట్లను (బంతి కొట్టి బేస్ చేరిన సార్లు) అట్-బ్యాట్‌లతో (బ్యాటింగ్‌కు వచ్చిన సార్లు) భాగిస్తారు, మూడు దశాంశాల వరకు చెబుతారు. వాక్ (నాలుగు చెడ్డ బంతులు పడితే ఉచితంగా ఫస్ట్ బేస్) దొరికితే అది అట్-బ్యాట్ కిందకు రాదు. .300 దాటితే గట్టి బ్యాటర్. 1941లో టెడ్ విలియమ్స్ సీజను ఆఖరి రోజుకు .39955 మీద ఉన్నాడు. సవరిస్తే .400 అయిపోతుంది, కూర్చుండిపోయినా అడిగేవాడు లేడు. అతను ఫిలడెల్ఫియాలో ఆ రోజు జరిగిన రెండు ఆటలూ ఆడి, 8కి 6 హిట్లు కొట్టి .406తో ముగించాడు. మేజర్ లీగ్‌లోని రెండు భాగాలైన అమెరికన్, నేషనల్ లీగుల్లో ఆ తర్వాత ఎవరూ .400 అందుకోలేదు. "అమెరికన్, నేషనల్ లీగుల్లో" అని ఎందుకు ఒత్తి చెబుతున్నానో ఆరో మెట్టులో తెలుస్తుంది.

రెండో మెట్టు: గోడకు కొన్ని మేకులు కొట్టుకోండి

ఎవరికీ తేదీలు గుర్తుండవు. "నాకు పదేళ్లప్పుడు", "మా చెల్లి పుట్టిన ఏడాది" అంటారు. ఆ మాటల్ని తగిలించుకోవడానికి మన దగ్గర కొన్ని మేకులుండాలి. అన్నిటికంటే గట్టి మేకులు జట్లు ఊళ్లు మారిన ఏళ్లు. డాడ్జర్స్ బ్రూక్లిన్‌లో, జెయింట్స్ న్యూయార్క్‌లో 1957 వరకే ఆడాయి. 1958 నుంచి రెండూ కాలిఫోర్నియాకు పోయాయి. (బ్రూక్లిన్ పెద్దవాళ్లతో ఈ విషయం ఎత్తేముందు కుర్చీలో బాగా సర్దుకుని కూర్చోండి, గంటకు తక్కువ పట్టదు.) బ్రేవ్స్ బోస్టన్ నుంచి 1953లో మిల్వాకీకి, అక్కడి నుంచి 1966లో అట్లాంటాకు వెళ్లారు. అథ్లెటిక్స్ ఫిలడెల్ఫియా నుంచి 1955లో కాన్సాస్ సిటీకి, 1968లో ఓక్లండ్‌కు మారారు. అంటే ఎవరైనా "మిల్వాకీ బ్రేవ్స్" అన్నారంటే ఆ కబురు పదమూడేళ్ల కిటికీలో ఎక్కడో ఉన్నట్టే.

స్టేడియాలూ అంతే. 1962లో పుట్టిన న్యూయార్క్ జట్టు మెట్స్ మొదటి రెండేళ్లు పాత పోలో గ్రౌండ్స్‌లో ఆడి, 1964లో షే స్టేడియానికి మారారు. 1974, 1975ల్లో యాంకీ స్టేడియం మరమ్మతుల వల్ల యాంకీస్ కూడా షేలోనే ఆడారు. కాబట్టి "షే స్టేడియంలో యాంకీస్ సొంత ఆట చూశాను" అని ఎవరైనా అంటే మతిమరుపు అనుకోకండి.

నియమాలు కూడా మేకులే. అమెరికన్ లీగ్ సీజను 154 ఆటల నుంచి 162కు పెరిగింది 1961లో, నేషనల్ లీగ్‌లో మరుసటి ఏడు. 1968లో పిచ్చర్ బాబ్ గిబ్సన్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.12 పరుగులే ఇచ్చి బ్యాటర్లను ఏడిపించాక, 1969లో పిచ్చర్ నిలబడే దిబ్బను 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు. పిచ్చర్‌కు బదులు వేరొకరు బ్యాటింగ్ చేసే పద్ధతి అమెరికన్ లీగ్‌కు 1973లో వచ్చింది. షికాగో రిగ్లీ ఫీల్డ్‌లో మేజర్ లీగ్ ఆటకు దీపాలు మొదట వెలిగింది 1988 ఆగస్టు 8న. వాన పడి ఆ ఆట రద్దయింది, లెక్కకొచ్చిన మొదటి రాత్రి ఆట మర్నాడు జరిగింది. అంతకుముందు ఏళ్లలో రిగ్లీలో మేజర్ లీగ్ రాత్రి ఆట చూశానన్న మనిషి ఊరు పొరబడ్డాడన్నమాట.

మూడో మెట్టు: అడగాల్సినవి అడగండి

"ఏ సంవత్సరం? స్కోరెంత?" అని మొదలుపెడితే పరీక్ష హాల్లో కూర్చోబెట్టినట్టు ఉంటుంది. ఎక్కడ కూర్చున్నారు, ఎవరు తీసుకెళ్లారు, రైలా బస్సా, ఎండ మొహం మీద పడిందా, ఏం తిన్నారు, ఆట అయ్యేదాకా ఉన్నారా అని అడగండి. ఎండ కళ్లలో పడిందంటే పగటి ఆట. "ఒకే టికెట్ మీద రెండు ఆటలు" అంటే డబుల్‌హెడర్, వాటికి ఎక్కువగా ఆదివారాలూ సెలవు రోజులూ వాడేవారు. స్కూలు ఎగ్గొట్టి వెళ్లారంటే వారం మధ్యలో. వచ్చేటప్పుడు కారు రేడియోలో మిగతా ఆట విన్నారంటే ముందే లేచి వచ్చేశారన్నమాట, చివరి ఘట్టం వాళ్లు కళ్లతో చూడలేదు.

చూసింది, విన్నది, తర్వాత టీవీలో పదేపదే వేసింది అన్నీ ఒకే తొట్టిలో కలిసిపోతాయి. అందుకే "ఆ క్షణంలో మీ పక్కన ఎవరున్నారు?" అని తప్పకుండా అడుగుతాను. అక్కడ ఉన్నవాళ్లు దానికి తడుముకోకుండా జవాబిస్తారు. వినేటప్పుడు ఫోన్ జేబులోనే ఉంచండి. నా అనుభవం చెప్పాను కదా.

నాలుగో మెట్టు: ఆ ఆటను పట్టుకోండి

ఇంటికొచ్చాక వెతకండి. రెట్రోషీట్ అని స్వచ్ఛంద కార్యకర్తల సంస్థ ఉంది. 1989లో మొదలైంది. క్లబ్బుల దగ్గరున్న, పత్రికల దగ్గరున్న పాత స్కోరు షీట్లు సేకరించి, ఒక్కో ఆటను బంతి ఆడిన వరుసలో కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. బేస్‌బాల్ రిఫరెన్స్ సైటులో కనబడే పాత ఆటల వివరాలు చాలావరకు వీళ్ల చలవే. తేదీ, జనం, అంపైర్లు, ఆట పట్టిన సమయం, ఎవరి తర్వాత ఎవరు బ్యాటింగ్‌కు వచ్చారు, అన్నీ ఉంటాయి.

పక్కింటి ఆవిడ జ్ఞాపకంతో ఒకటి చేసి చూపిస్తాను. ఆమెకు గుర్తున్నవి నాలుగే: పోలో గ్రౌండ్స్, మెట్స్, ఫ్రాంక్ థామస్ హోమ్ రన్, "మావాళ్లే ఓడిపోయారు". మెట్స్, పోలో గ్రౌండ్స్ కలిస్తే 1962 లేదా 1963, మూడో మాట లేదు. ఫ్రాంక్ థామస్ అనగానే చిన్నవాళ్లు 521 హోమ్ రన్లు కొట్టిన షికాగో వైట్ సాక్స్ ఆటగాణ్ని తలుచుకుంటారు. అతను 1990ల మనిషి. అదే పేరుతో ముందు తరంలో ఇంకొకతను ఉన్నాడు, 1962లో మెట్స్ తరఫున 34 కొట్టాడు. ఓడిపోయారన్న మాట మాత్రం పెద్దగా పనికిరాదు, ఎందుకంటే ఆ ఏడు మెట్స్ 40 గెలిచి 120 ఓడారు!

ఇక చేయాల్సిందల్లా థామస్ హోమ్ రన్ల చిట్టా తెరిచి, సొంత మైదానంలో కొట్టినవి, జట్టు ఓడినవి ఏరుకోవడం. అప్పుడు మళ్లీ ఆవిడ దగ్గరికి వెళ్లి ఇంకొక్కటి అడిగాను, ఎదుటి జట్టు ఏదని. గుర్తులేదన్నారు. కాసేపాగి, "మా అమ్మ మాత్రం ఎదుటివాళ్లకే చప్పట్లు కొట్టింది" అన్నారు. వాళ్లమ్మది బ్రూక్లిన్. లాస్ ఏంజిలిస్ నుంచి పాత డాడ్జర్స్ వచ్చారన్నమాట! తేదీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. అక్కడ ఆపేశాను. ఒక్క తేదీ తేల్చేయాలన్న పంతం నాకూ ఉంది కానీ, ఆధారం లేకుండా తేల్చేస్తే అది నా కల్పన అవుతుంది, ఆమె జ్ఞాపకం కాదు.

పేర్లు కలిసిపోయేవి ఇంకా ఉన్నాయి. ఒట్టి "గిబ్సన్" అంటే పిచ్చర్ బాబ్, నల్లజాతి ఆటగాళ్లకు విడిగా ఉండిన నీగ్రో లీగ్స్ క్యాచర్ జాష్, 1988 వరల్డ్ సిరీస్‌లో (సీజను చివరి టైటిల్ పోరు) కుంటుతూ వచ్చి హోమ్ రన్ కొట్టిన కర్క్, ముగ్గురిలో ఎవరైనా కావచ్చు. ఇద్దరు కెన్ గ్రిఫీలు తండ్రీకొడుకులు. సియాటిల్ తరఫున 1990 సెప్టెంబరు 14న ఒకరి వెంట ఒకరు హోమ్ రన్లు కొట్టారు.

ఐదో మెట్టు: తేడా వస్తే, ఆ తేడానే చదవండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. మారిస్ ఆట దగ్గరికి మళ్లీ వస్తాను.

వారం తర్వాత నిమ్మకాయ పులిహోర పట్టుకుని వెళ్లి, ఈసారి అడగాల్సింది అడిగాను: "ఎక్కడ కూర్చున్నారు సర్?" రైట్ ఫీల్డ్ స్టాండ్స్ అన్నారు. అక్కడితో చిక్కు విడిపోయింది. మారిస్ ఎడమచేతి వాటం బ్యాటర్, అతని హోమ్ రన్లు ఎక్కువగా పడేది రైట్ ఫీల్డ్ వైపే. పైగా 61వ బంతి పట్టినవాళ్లకు 5,000 డాలర్లిస్తానని కాలిఫోర్నియాలో ఒక రెస్టారెంట్ యజమాని ప్రకటించి ఉన్నాడు. వచ్చిన జనమంతా ఆ మూలకే ఎగబడ్డారు. మిగతా స్టేడియం బోసిపోయింది, రైట్ ఫీల్డ్ మాత్రం కిటకిటలాడింది. తొమ్మిదేళ్ల పిల్లవాడికి కనబడింది తన చుట్టూ ఉన్న పెద్దవాళ్ల వీపులే. నాలుగో ఇన్నింగ్‌లో ట్రేసీ స్టాలర్డ్ వేసిన బంతిని మారిస్ అటే కొట్టాడు. బ్రూక్లిన్ కుర్రాడొకడు, 19 ఏళ్లవాడు, అందుకున్నాడు. ఆట మొత్తంలో పడిన పరుగు అదొక్కటే.

ఆయన లోపలికెళ్లి ఆనాటి స్కోర్‌కార్డు తెచ్చారు. పసుపెక్కిన కాగితం, మడతల దగ్గర చిరుగులు. మొదటి మూడు ఇన్నింగ్స్ గళ్లన్నీ పిల్లల రాతలో శ్రద్ధగా నిండి ఉన్నాయి. నాలుగో గడిలో మారిస్ పేరుకెదురుగా పెన్సిల్ నొక్కి నొక్కి గుండ్రాలు చుట్టి ఉంది, కాగితం కొంచెం చిరిగింది కూడా. ఆ తర్వాత గళ్లన్నీ ఖాళీ. "అయిదో ఇన్నింగ్ ఎవడు రాస్తాడు?" అన్నారు.

అందరి తేడాలూ ఇంత అందంగా విడిపోవు. కొన్ని మొత్తం దేశమే పొరబడినవి. మారిస్ రికార్డు పక్కన చుక్క గుర్తు (*) పెట్టారని చాలామంది ఒట్టేసి చెబుతారు. అసలు జరిగింది వేరు. బేబ్ రూత్ 1927లో 154 ఆటల సీజనులో 60 కొట్టాడు కాబట్టి, 154 ఆటలు దాటాక కొట్టినవాటిని వేరుగా చూపాలని కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్ 1961 జులైలో తేల్చాడు. పుస్తకాల్లో రెండు రికార్డులూ విడివిడిగా వేశారు, చుక్క ఎక్కడా లేదు. 1991లో ఆ విడదీత కూడా తీసేశారు. అప్పటికి మారిస్ పోయి ఆరేళ్లు కావస్తోంది.

బోస్టన్ ఫస్ట్ బేస్ ఆటగాడు బిల్ బక్నర్‌ది ఇంకా అన్యాయం. 1986 అక్టోబరు 25, వరల్డ్ సిరీస్ ఆరో ఆట, పదో ఇన్నింగ్. బంతి కాళ్ల మధ్య నుంచి పోయి బోస్టన్ కప్పు పోగొట్టాడని లోకం అంటుంది. బాక్స్ స్కోరు (ఆ ఆట స్కోరు పట్టిక) తెరవండి. 5-3తో వెనకబడి, ఇద్దరు అవుటయ్యాక మెట్స్ వరసగా మూడు సింగిల్స్ (ఒక్క బేస్ హిట్లు) కొట్టారు. తర్వాత బోస్టన్ పిచ్చర్ బాబ్ స్టాన్లీ వైల్డ్ పిచ్ (క్యాచర్‌కు అందకుండా పోయిన బంతి) వల్ల స్కోరు 5-5 అయిపోయింది. బంతి బక్నర్ దగ్గరికి వచ్చేసరికే ఆధిక్యం ఎగిరిపోయింది. పైగా ఏడో ఆట మిగిలే ఉంది, అందులో బోస్టన్ 3-0 ముందంజ వేసి కూడా 8-5తో ఓడింది. ఇదంతా బోస్టన్ అభిమానికి విడమరిచి చెబితే "తెలుసు" అంటాడు, అయినా మొహం మారదు.

దీనికి తిరగేసింది 1975. ఆ ఏడు వరల్డ్ సిరీస్‌లో బోస్టన్ ఆటగాడు కార్ల్‌టన్ ఫిస్క్ పన్నెండో ఇన్నింగ్‌లో కొట్టిన బంతిని చేతులతో లోపలికి తోస్తున్నట్టు ఊపే దృశ్యం అందరికీ గుర్తే. అది ఆరో ఆట. ఏడో ఆట, దాంతోపాటు సిరీస్ గెలిచింది సిన్సినాటి. ఆ రాత్రి బోస్టన్ కప్పు గెలిచిందనుకునేవాళ్లు నాకు ఇద్దరు తగిలారు. ఇద్దరూ బోస్టన్ వాళ్లే.

"నేనక్కడున్నాను" అనే మాటకు ఒక్క అంకె చాలు. 1951 అక్టోబరు 3న బాబీ థామ్సన్ హోమ్ రన్‌తో జెయింట్స్ పెనెంట్ (లీగ్ టైటిల్) గెలిచిన ఆటకు పోలో గ్రౌండ్స్‌లో 34,320 మందే ఉన్నారు. అక్కడున్నామని చెప్పేవాళ్లందరినీ పోగేస్తే ఆ మైదానం పట్టదు. నేనైతే ఎవరినీ నిలదీయను. ఆ వేళ రేడియో ముందు కూర్చున్నవాడికి తానక్కడే ఉన్నట్టు అనిపిస్తే, అది రేడియో గొప్పతనం.

ఆరో మెట్టు: క్విజ్ ప్రశ్న కట్టడం

"1961లో ఎక్కువ హోమ్ రన్లు ఎవరివి?" అన్నది చప్పిడి ప్రశ్న. తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు. మంచి ప్రశ్నలో జవాబు తెలిశాక ఇంకోసారి ఆశ్చర్యపోవాలి. నాకు ఇష్టమైనవి కొన్ని:

హ్యాంక్ ఆరన్ కొట్టిన 755 హోమ్ రన్లనూ తీసి పక్కన పెట్టేస్తే అతనికి ఎన్ని హిట్లు మిగులుతాయి? మొత్తం 3,771. తీసేసినా 3,016, అంటే మూడు వేలకు పైనే.

పన్నెండు ఇన్నింగ్స్‌పాటు వరసగా 36 మందిని అవుట్ చేసి కూడా ఓడిపోయిన పిచ్చర్ ఎవరు? హార్వీ హ్యాడిక్స్, 1959 మే 26, మిల్వాకీలో. పదమూడో ఇన్నింగ్‌లో జో ఆడ్‌కాక్ బంతిని కంచె దాటించాడు. కానీ పరుగెత్తే కంగారులో ముందున్న ఆరన్‌ను దాటేయడంతో హోమ్ రన్ కాస్తా డబుల్ (రెండు బేస్‌ల హిట్) అయింది, స్కోరు 1-0గా మిగిలింది.

ఒక్క స్ట్రైకవుట్ కూడా లేని వరల్డ్ సిరీస్ ఆట? 1960 అక్టోబరు 13, ఏడో ఆట, పిట్స్‌బర్గ్ 10, యాంకీస్ 9. బిల్ మాజెరోస్కీ హోమ్ రన్‌తో ముగిసిన ఆటే. దాని టీవీ రికార్డింగు పోయిందనే అనుకున్నారు. పిట్స్‌బర్గ్ జట్టులో వాటా ఉన్న గాయకుడు బింగ్ క్రాస్బీ ఇంటి నేలమాళిగలో 2009లో దొరికింది.

ఒక జాగ్రత్త. జవాబులు మారుతుంటాయి. నీగ్రో లీగ్స్ 1920–48 నాటి గణాంకాలను 2024 మేలో మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపారు. దాంతో అత్యధిక కెరీర్ యావరేజ్ టై కాబ్ నుంచి .372తో జాష్ గిబ్సన్‌కు వచ్చింది. ఒక సీజను రికార్డు కూడా 1943 నాటి .466తో గిబ్సన్‌దే. మొదటి మెట్టులో లీగుల పేర్లు ఒత్తి చెప్పింది అందుకే. ఆధునిక కాలంలో ఎక్కువ ఓటములు మెట్స్ 120 అని అరవై ఏళ్లు చెప్పుకున్నారు, 2024లో వైట్ సాక్స్ 121 ఓడి ఆ పరువు కూడా లాగేసుకున్నారు. ప్రశ్న కింద తయారుచేసిన తేదీ వేసుకోండి. పాత క్విజ్ పుస్తకం పట్టుకుని పెద్దవాళ్లతో వాదనకు దిగకండి.

ఏడో మెట్టు: రాసిపెట్టడం

నోటు పుస్తకంలో పేజీకి మూడు నిలువు గళ్లు గీయండి. మొదటిదాంట్లో వాళ్లు చెప్పింది చెప్పినట్టు, తప్పుతో సహా. రెండోదాంట్లో రికార్డు. మూడోదాంట్లో తేడాకు మీకు తోచిన కారణం, తోచకపోతే ఖాళీ. మొదటి గడిని ఎప్పటికీ దిద్దకండి. మాటలు రికార్డు చేయాలనుకుంటే ముందే అడగండి. స్కోర్‌కార్డులు, టికెట్ ముక్కలు ఉంటే కిటికీ దగ్గర వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫొటో తీయండి. చిరుగులకు టేపు అంటించకండి, కొన్నేళ్లకు జిగురు పసుపెక్కి కాగితాన్నే తినేస్తుంది. లామినేషన్ మాట అసలు ఎత్తకండి.

మా పెద్దాయన పేజీ నింపి చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. తర్వాత, "ఇప్పుడు నీ వంతు" అన్నారు. నేను లక్ష్మణ్ 281 గురించి చెప్పాను. ఈడెన్ గార్డెన్స్, 2001 మార్చి, నాలుగో రోజు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా లక్ష్మణ్, ద్రవిడ్ ఒక్క వికెట్ పోకుండా ఆడటం, ఆదివారం కాబట్టి హైదరాబాద్‌లో మా మామయ్యగారింట్లో కూర్చుని బంతి వదలకుండా చూడటం.

ఆయన నింపాదిగా ఫోన్ తీసి వెతికారు.

"మార్చి 14. బుధవారం" అన్నారు. "అయితే ఆ రోజు నువ్వు కాలేజీలో ఉండాలి కదా?"